రెండు టెస్టుల మధ్య 1,946 రోజులు: ఒక ఫాస్ట్ బౌలర్ నడుము కేసు

మా సెంటర్‌కు నడుము నొప్పితో వచ్చే కుర్ర ఫాస్ట్ బౌలర్లలో చాలామంది నారింజ రంగు జెర్సీ వేసుకునే వస్తారు. వీపు మీద కమిన్స్ పేరు ఉంటుంది. 2024లో సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్ అయినప్పటి నుంచి ఆ ఆస్ట్రేలియా ఆటగాడి పేరు మన గల్లీ పిల్లల నోళ్లలో నానుతోంది. ఆ పేరుకు జానెడు కింద, నడుముకు ఎడమ పక్కన వేలు పెట్టి "ఇక్కడే సార్" అని చూపిస్తారు. ఆ పేరుగల మనిషికి కూడా ఇరవై మూడేళ్లు నిండకముందే మూడుసార్లు నడుము ఎముక దెబ్బతిన్నదని వాళ్లలో చాలామందికి తెలియదు. చెప్పినప్పుడు నమ్మరు. "అంత బాగా వేస్తాడు కదా సార్" అంటారు.

పద్నాలుగేళ్లుగా నేను ఫాస్ట్ బౌలర్లతోనే పని చేస్తున్న ఫిజియోథెరపిస్టును. పాట్ కమిన్స్ నా పేషెంటు కాడు, అతని స్కాన్లు నేను చూడలేదు. అయినా నా వృత్తిలో అందరికంటే ఎక్కువసార్లు తిరగేసిన కేసు అతనిదే. మ్యాచ్‌ల తేదీలు, ఓవర్ల లెక్కలు, గాయాల ప్రకటనలు అన్నీ బహిరంగంగా ఉన్నవే. వాటిని ఒక వరుసలో పేర్చి చూస్తే, ఒక ఫస్ట్‌క్లాస్ (రోజుల తరబడి సాగే మ్యాచ్‌లు ఆడే) ఫాస్ట్ బౌలర్ శరీరం ఎలా తయారవుతుందో, ఎక్కడ తెగుతుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

మొదటి ఏడాది

కమిన్స్ 1993 మే 8న పుట్టాడు. సిడ్నీకి పడమరగా ఉన్న బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో పెరిగాడు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లలో ఒకరు తలుపు వేస్తుంటే కుడి చేతి మధ్య వేలు అందులో నలిగి కొస తెగిపోయింది. దాంతో బంతి పట్టుకునే రెండు వేళ్లూ దాదాపు ఒకే పొడవుకు వచ్చాయి. అతని బంతి సీమ్ మీద అంత నిటారుగా పడటానికి ఈ వేలే కారణమని చాలామంది అంటారు. నేనైతే ఆ చేతి కంటే ముందు అతని ఎడమ పాదాన్ని చూస్తాను. ఎందుకో తర్వాత చెబుతాను.

2011 మార్చిలో, ఇంకా పదిహేడేళ్లకే, న్యూ సౌత్ వేల్స్ తరఫున షెఫీల్డ్ షీల్డ్‌లో అడుగుపెట్టాడు. షెఫీల్డ్ షీల్డ్ అంటే మన రంజీ ట్రోఫీ లాంటిది. అదే నెలలో హోబార్ట్‌లో టాస్మానియాతో ఫైనల్. ఆ ఒక్క మ్యాచ్‌లో ఈ పదిహేడేళ్ల కుర్రాడు 65 ఓవర్లు వేశాడు. అంటే 390 బంతులు. మ్యాచ్ టాస్మానియా గెలిచింది.

ఎనిమిది నెలలు గడిచాయి. 2011 నవంబర్ 17న జొహానెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా మీద టెస్టు అరంగేట్రం. వయసు 18 ఏళ్ల 193 రోజులు. ఆస్ట్రేలియా టెస్టు చరిత్రలో అతనికంటే చిన్న వయసులో ఆడినవాడు ఇయాన్ క్రెయిగ్ ఒక్కడే. అప్పటికి కమిన్స్ ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు మూడు. నాలుగోది టెస్టు మ్యాచ్. రెండో ఇన్నింగ్స్‌లో 79 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. 310 పరుగుల ఛేదనలో ఆఖర్న బ్యాట్ పట్టుకుని వచ్చి గెలుపు పరుగులు కూడా తనే కొట్టాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అతనే. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరూ ఈ కుర్రాణ్ణి మళ్లీ టెస్టులో చూడటానికి ఐదేళ్లకు పైగా ఆగాలని ఊహించి ఉండరు.

ఆ మ్యాచ్ నుంచే పాదం గాయంతో బయటికి వచ్చాడు. సొంతగడ్డ మీద ఆ వేసవి సీజన్ పోయింది. 2012లో ఇంగ్లండ్ వన్డే పర్యటనలో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది. ఆ ఏడాది టీ20 ప్రపంచకప్, వెంటనే చాంపియన్స్ లీగ్ టీ20 ఆడాడు. అవి ముగిశాక నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడిన భారానికి ఎముకలో వచ్చే చిట్లు, బయటపడింది. 2013లో ఆస్ట్రేలియా ఎ జట్టుతో దక్షిణాఫ్రికా వెళ్లి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడగానే మళ్లీ నడుము. 2015 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో వన్డేలు ఆడుతుండగా మళ్లీ నడుమే.

ఆ ఎముక

మన నడుములో ఐదు వెన్నుపూసలు ఉంటాయి. ప్రతి వెన్నుపూస వెనుక భాగంలో పై కీలునూ కింది కీలునూ కలిపే ఒక సన్నటి ఎముక వంతెన రెండు పక్కలా ఉంటుంది. ఫాస్ట్ బౌలర్లకు చిట్లేది సాధారణంగా ఆ వంతెనే, అదీ కింది రెండు మూడు పూసల్లో. కుడిచేతి బౌలర్‌కు ఎక్కువగా ఎడమ వైపు, ఎడమచేతి బౌలర్‌కు కుడి వైపు.

ఎందుకంటే ఒక బంతిని నెమ్మదిగా చూడండి. కుడిచేతి బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చి క్రీజులో ఎడమ పాదం వేస్తాడు. మోకాలు వంగకుండా కాలు కర్రలా బిగుసుకుంటుంది. అప్పటిదాకా ముందుకు దూసుకొచ్చిన దేహం మొత్తం ఆ ఒక్క కాలి మీద ఆగిపోతుంది. ఆ క్షణంలో నేల నుంచి పైకి వచ్చే దెబ్బ శరీర బరువుకు ఐదారు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నడుము వెనక్కి వంగి ఉంటుంది, ఎడమకు ఒరుగుతుంది, పైగా మెలి తిరుగుతుంది. ఈ మూడు కదలికలూ ఒకేసారి కలిసేది ఎడమ వైపు వంతెన మీదే. కళ్లు మూసి తెరిచేలోపు అంతా అయిపోతుంది. మళ్లీ వెనక్కి నడిచి రనప్ మొదలుపెడతాడు. అతని పాదం చూస్తానన్నది ఇందుకే. వికెట్ వేళ్ల నుంచి వస్తుంది, దాని ఖరీదు ఆ పాదం నుంచి నడుముకు చేరుతుంది.

ఎముక రాయి కాదు, బతికున్న కణజాలం. భారం పడినప్పుడు అది తనను తాను మరమ్మతు చేసుకుంటుంది. కానీ ఆ మరమ్మతు పద్ధతి పాత ఇంటి గోడను బాగుచేయించడం లాంటిది. ముందు పాడైన ఇటుకలు తీసేస్తారు, తర్వాతే కొత్తవి పేరుస్తారు. తీసే పని వారాల్లో అయిపోతుంది. కొత్త ఎముక పేరుకుని గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆ మధ్య కాలంలో గోడ మొదటికంటే బలహీనంగా ఉంటుంది. అప్పుడు అదే బౌలర్ అదే వేగంతో వేస్తూ పోతే చిట్లుతుంది. పైగా నడుము ఎముక పూర్తి సాంద్రతకు చేరేది ఇరవైలలోనే. పదిహేడు, పద్దెనిమిదేళ్ల బౌలర్ కండరాల బలం పెద్దవాడిది, వేగం పెద్దవాడిది, ఎముక మాత్రం ఇంకా కుర్రాడిదే. ఈ వయసు వాళ్లలోనే ఈ గాయం ఎక్కువగా కనిపించడానికి నాకు తెలిసినంతలో ఇదే ప్రధాన కారణం.

ఆ 65 ఓవర్లే కారణమా?

కమిన్స్ గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది హోబార్ట్ ఫైనల్ దగ్గరే ఆగిపోతారు. పదిహేడేళ్ల పిల్లవాడితో అన్ని ఓవర్లు వేయించి నడుము విరగ్గొట్టారని తేల్చేస్తారు. నేనూ చాలాకాలం అదే చెప్పాను. తేదీలు వరుసగా రాసుకున్నాక ఆ మాట అనడం మానేశాను.

ఆ 65 ఓవర్లు చాలా ఎక్కువ, అందులో సందేహం లేదు. ఆస్ట్రేలియా క్రికెట్ వైద్యుడు జాన్ ఆర్చర్డ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ఇదే విషయం చెప్పింది. ఒకే మ్యాచ్‌లో 50 ఓవర్లు దాటిన బౌలర్లకు ఆ తర్వాతి మూడు నాలుగు వారాల్లో గాయం ముప్పు పెరుగుతుందని అందులో తేలింది. కానీ కమిన్స్ నడుము మొదటిసారి చిట్లింది ఆ ఫైనల్ జరిగిన ఏడాదిన్నర తర్వాత. దానికి ముందు వారాల్లో అతను ఆడుతున్నవి మ్యాచ్‌కు నాలుగు ఓవర్ల టీ20లు. 2015లో చిట్లినప్పుడు ఆడుతున్నవి పది ఓవర్ల వన్డేలు. మూడుసార్లలో రెండుసార్లు ఎర్రబంతి, అంటే టెస్టులు, షీల్డ్ లాంటి రోజుల తరబడి సాగే మ్యాచ్‌ల బంతి, అతని చేతిలో లేనే లేదు.

మరి ఏం జరిగింది? నా అంచనాలో అసలు సమస్య ఎక్కువ వేయడం ఒక్కటే కాదు, తెగి తెగి వేయడం. గాయం, నెలల విశ్రాంతి, తేలికగా పునఃప్రారంభం, ఒక్కసారిగా పూర్తి వేగం, మళ్లీ గాయం. విశ్రాంతిలో ఎముక కూడా తన బలాన్ని వదులుకుంటుంది. భారం లేనిచోట ఎముకను గట్టిగా ఉంచే పని శరీరం పెట్టుకోదు. అలాంటి ఎముక మీద టీ20లో 24 బంతులే పడినా, అన్నీ గంటకు 145 కిలోమీటర్ల దగ్గర పడతాయి. అలసినప్పుడు కాస్త తగ్గించి వేసే బంతి అక్కడ ఉండదు. ఓవర్లు తక్కువ కాబట్టి సురక్షితం అనుకోవడం మా రంగంలో చాలాకాలం నడిచిన పొరపాటు. సెలక్టర్లే కాదు, మేమూ చేశాం.

ఈ మాట చెప్పినప్పుడు మన హైదరాబాద్ మహమ్మద్ సిరాజ్ గుర్తొస్తాడు. 2015 నవంబర్‌లో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టాడు. 2016-17 రంజీ సీజన్‌లో 18.92 సగటుతో 41 వికెట్లు తీశాడు. టెస్టు క్యాప్ అందుకున్నది 2020 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో, ఇరవై ఆరేళ్ల వయసులో. ఐదేళ్ల ఎర్రబంతి ఓవర్లు అప్పటికే అతని నడుములో ఇంకి ఉన్నాయి. 2025 వేసవిలో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 1,113 బంతులు వేశాడు. సిరీస్ ఆఖరి ఉదయం ఓవల్‌లో భారత్ 6 పరుగులతో గెలిచినప్పుడు ఆఖరి వికెట్ తీసిన బంతి యార్కర్. వేగం తగ్గని యార్కర్. ఇద్దరి శరీరాలూ వేరు, యాక్షన్లూ వేరు, కాబట్టి ఒకరిని చూపించి ఇంకొకరి గురించి తీర్పు చెప్పను. కానీ ఎముకకు దొరికిన సమయంలో ఉన్న తేడా మాత్రం చిన్నది కాదు.

లిలీ దారి

మా వృత్తిలో ఇదంతా కొత్తేమీ కాదు. కమిన్స్ పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందు, 1973లో, ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిలీ వెస్టిండీస్ పర్యటన నుంచి నడుము వెన్నుపూసల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్లతో ఇంటికి వచ్చాడు. అప్పట్లో ఎమ్మారై లేదు. మొండేనికి ఆరు వారాలు ప్లాస్టర్ కట్టు వేశారు. అతని కెరీర్ ముగిసిందని చాలామంది అనుకున్నారు. యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఫ్రాంక్ పైక్ పర్యవేక్షణలో లిలీ పరుగు, బరువులు, నడుము చుట్టూ కండరాల బలం అన్నీ మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చాడు. 1973-74 సీజన్‌లో పెర్త్ క్లబ్ క్రికెట్‌లో బ్యాట్స్‌మన్‌గా ఆడాడు. 1974-75లో జెఫ్ థామ్సన్ పక్కన మళ్లీ టెస్టు బంతి అందుకున్నాడు. అతని 355 టెస్టు వికెట్లలో 300కు పైగా ఆ ప్లాస్టర్ తర్వాత వచ్చినవే. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ మొత్తంలో 882.

నాకు అందులో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ క్లబ్ సీజన్. ఆస్ట్రేలియా ప్రధాన ఫాస్ట్ బౌలర్ ఒక సీజన్ మొత్తం బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పటి ఏ అకాడమీ కుర్రాడికైనా ఆ మాట చెప్పి చూడండి.

ఈ లిలీయే 1987లో చెన్నైలో ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో భారత కుర్ర బౌలర్లకు నేర్పడానికి వచ్చాడు. ఆ మైదానం నుంచి జవగళ్ శ్రీనాథ్, వెంకటేశ్ ప్రసాద్, జహీర్ ఖాన్ వంటివాళ్లు వచ్చారు. బౌలర్‌కు శరీర దారుఢ్యం కూడా ఒక చదువేనన్న ఆలోచన మన దక్షిణాదిలో బలంగా నాటుకున్నది అక్కడే. రెండో ఫ్రాక్చర్ తర్వాత కమిన్స్ వెళ్లింది కూడా లిలీ దగ్గరికే. నడుము మీద భారం తగ్గేలా యాక్షన్ సరిదిద్దుకునే పని ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. అయినా 2015లో మూడోసారి చిట్లింది. యాక్షన్ సరిదిద్దితే గాయం రాదని తల్లిదండ్రులకు మాట ఇచ్చే కోచ్‌లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. యాక్షన్ భారాన్ని తగ్గిస్తుంది, పంచుతుంది. ఎముక పండే వయసును మాత్రం ముందుకు జరపదు.

నా దగ్గరి కేసు

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. చాలా ఏళ్ల కిందట, తెలంగాణలోని ఒక జిల్లా నుంచి ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడు వచ్చాడు. పొడగరి, చక్కటి రనప్. స్కాన్‌లో ఎడమ వైపు చిట్లు స్పష్టంగా ఉంది. బౌలింగ్ ఆపించాం. ఎనిమిదో వారం వచ్చేసరికి నొప్పి మొత్తం పోయింది. ఎడమ కాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నాను. ఈ గాయాన్ని పట్టుకోవడానికి మేము చేసే మామూలు పరీక్ష అది. చులాగ్గా వంగి నా వైపు చూసి నవ్వాడు. "ఏమీ లేదు సార్. పూర్తిగా పోయింది." వాళ్ల నాన్నగారు పక్కనే నిలబడి ఉన్నారు. సెలక్షన్ ట్రయల్స్ మూడు వారాల్లో ఉన్నాయి. "డాక్టర్ గారూ, ఈ ఏడాది పోతే వయసు దాటిపోతుంది" అన్నారు. ఆయన గొంతులో ఒత్తిడి లేదు, బతిమాలడమే ఉంది. నేను సరేనన్నాను.

నొప్పి పోవడం, ఎముక అతకడం ఒకటి కావని నాకు తెలియక కాదు. తెలిసీ ఒప్పుకున్నాను. ట్రయల్స్‌లో రెండో రోజు మూడో స్పెల్‌లో (ఆగకుండా వేసే ఓవర్ల విడతలో) అదే చోట మళ్లీ చిట్లింది. ఆ సీజన్ పోయింది, దాని తర్వాతి సీజన్ కూడా పోయింది. అతను తర్వాత ఫస్ట్‌క్లాస్ ఆడలేదు. ఇప్పుడు ఒక స్కూల్లో పిల్లలకు క్రికెట్ నేర్పుతున్నాడు. అప్పుడప్పుడు తన దగ్గరి పిల్లలను నా దగ్గరికి పంపుతాడు. పంపిన ప్రతి పిల్లవాడి వెంట ఒకే మాట చెప్పి పంపుతాడు: "సార్ వద్దన్నంతవరకూ బంతి ముట్టుకోకు." ఆ మాట విన్నప్పుడల్లా ఆ రోజు గదిలో నేను అనాల్సింది అదేనని గుర్తొస్తుంది.

రాంచీ

2015 ఫ్రాక్చర్ తర్వాత కమిన్స్ విషయంలో ఆస్ట్రేలియా బోర్డు పట్టిన ఓపికే నా దృష్టిలో ఈ కేసులో అసలు చికిత్స. 2015-16 సీజన్ మొత్తం వదిలేశారు. 2016-17లో వన్డేలు, బిగ్‌బాష్ (ఆస్ట్రేలియా టీ20 లీగ్) ఆడించారు, ఓవర్లు కొద్దికొద్దిగా పెంచారు. ఎర్రబంతి మాత్రం వెంటనే ఇవ్వలేదు. ఈ ఏళ్లలోనే అతను సిడ్నీలో యూనివర్సిటీ డిగ్రీ చదివాడు. బౌలర్‌కు రోజంతా నడుము గురించే కాకుండా ఇంకో ఆలోచన కూడా ఉండటం మంచి మందు, ఇది నేను చాలామందిలో చూశాను.

2017 మార్చిలో సౌత్ ఆస్ట్రేలియా మీద షీల్డ్ మ్యాచ్ ఆడాడు. హోబార్ట్ ఫైనల్ తర్వాత ఆరేళ్లకు అతను ఆడిన మొదటి షీల్డ్ మ్యాచ్ అది. ఎనిమిది వికెట్లు తీశాడు. అప్పుడే భారత్‌లో ఉన్న ఆస్ట్రేలియా జట్టులో మిచెల్ స్టార్క్ పాదం గాయంతో ఇంటికి వెళ్లాడు. కమిన్స్‌కు పిలుపు వచ్చింది.

మార్చి 16న రాంచీలో టెస్టు మొదలైంది. జొహానెస్‌బర్గ్ టెస్టు మొదలైన రోజు నుంచి లెక్కిస్తే 1,946 రోజులు. ఆ పిచ్ ఫాస్ట్ బౌలర్‌ను చూసి జాలి పడేది కాదు. చతేశ్వర్ పుజారా 525 బంతులు ఎదుర్కొని 202 పరుగులు చేశాడు. భారత్ 9 వికెట్లకు 603 దగ్గర డిక్లేర్ చేసింది. ఆ ఇన్నింగ్స్‌లో కమిన్స్ 39 ఓవర్లు వేసి 106 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. రాహుల్, కోహ్లీ, రహానే, అశ్విన్. నేను ఆ ఇన్నింగ్స్ అంతా వికెట్లకంటే అతని ముందు కాలునే చూస్తూ కూర్చున్నాను. ముప్పయ్యో ఓవర్ దాటాక కూడా ఆ కాలు అలాగే బిగుస్తోంది, మోకాలు కుంగడం లేదు. అలసిన బౌలర్‌లో ముందు మారేది అదే. మోకాలు కుంగితే తల పక్కకు పడుతుంది, తల పడితే నడుము ఒరుగుతుంది, ఒరిగిన నడుము మీదే ఎముక చిట్లుతుంది. అక్కడ ఆ గొలుసులో మొదటి కొక్కెమే కదలలేదు. కొద్ది రోజులకే ధర్మశాలలో మళ్లీ టెస్టు ఆడాడు.

అప్పుడతనికి ఇరవై నాలుగో ఏడు నడుస్తోంది. పద్దెనిమిదేళ్లప్పుడు 79 పరుగులకు 6 వికెట్లు తీసిన కుర్రాడికీ రాంచీలో 39 ఓవర్లు వేసిన బౌలర్‌కూ వేగంలో పెద్ద తేడా లేదు. ఎముకలో ఉంది.

2017-18 యాషెస్‌లో (ఇంగ్లండ్‌తో జరిగే టెస్టు సిరీస్) ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. 2019లో ఇంగ్లండ్‌లో మళ్లీ ఐదింటికి ఐదు, 29 వికెట్లు. కెప్టెన్సీ, 2023 ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్, అదే ఏడాది అహ్మదాబాద్‌లో వన్డే ప్రపంచకప్, 2025 జూన్‌లో లార్డ్స్‌లో 300వ టెస్టు వికెట్. ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి ఆగను.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఏడాది 2018. దక్షిణాఫ్రికా పర్యటన తర్వాత స్కాన్ తీస్తే నడుము వెన్నుపూసలో వాపు కనిపించింది. చిట్లు ఇంకా రాలేదు. ఎముక లోపల నీరు చేరిన దశ అది, చిట్లడానికి ముందు అడుగు. ముంబై ఇండియన్స్‌తో ఉన్న ఐపీఎల్ సీజన్ మొత్తం వదులుకున్నాడు. ఆ అక్టోబర్‌లో యూఏఈలో పాకిస్థాన్ టెస్టులు కూడా ఆడలేదు. డిసెంబర్‌లో భారత్ మీద టెస్టుల్లోకి తిరిగొచ్చి, పైన చెప్పిన 2019 యాషెస్ అంతా ఆడాడు. మొదటి మూడుసార్లూ చిట్లాక స్కాన్. ఈసారి చిట్లకముందే స్కాన్, చిట్లకముందే నిర్ణయం. ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన పేజీ ఇదే. 2025 జూలైలో వెస్టిండీస్ పర్యటన తర్వాత, ముప్పై రెండేళ్ల వయసులో, నడుములో మళ్లీ ఎముక ఒత్తిడి కనిపించినప్పుడు కూడా ఇదే చేశారు. సొంతగడ్డ మీద యాషెస్ మొదటి టెస్టులు కెప్టెన్ లేకుండానే మొదలయ్యాయి.

ఇప్పుడు మా నెట్స్‌లో

మనకు ప్రతి కుర్రాడికీ ఎమ్మారై తీయించే స్తోమత లేదు. అందుకని నేను నోటు పుస్తకంతో మొదలుపెట్టాను. వచ్చిన ప్రతి ఫాస్ట్ బౌలర్ రోజుకు ఎన్ని బంతులు వేశాడో రాయాలి. మ్యాచ్ బంతులు మాత్రమే కాదు, అన్నీ. మొదటి వారంలోనే అందరికీ ఒకే చోట చిక్కు వస్తుంది. పొద్దున్న అకాడమీ నెట్స్‌లో అరవై బంతులు, శనివారం లీగ్ మ్యాచ్‌లో పదిహేను ఓవర్లు, ఇవి రాస్తారు. ఆదివారం రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద ఆడిన టెన్నిస్ బంతి టోర్నమెంట్ రాయరు. "అది టెన్నిస్ బాల్ కదా సార్" అంటారు. చేతిలో ఏ బంతి ఉందో నడుముకు తెలియదు. ముందు కాలు పడిన దెబ్బే దానికి తెలుసు. పైగా టెన్నిస్ బంతితో వేగం రావాలంటే ఇంకా గట్టిగా ఊపాలి, అది కూడా సిమెంటు నేల మీద, మామూలు బూట్లతో.

కోచ్‌లతో ఒక విషయంలో నాకు ఇప్పటికీ వాదన నడుస్తుంది. గాయం నుంచి వచ్చిన కుర్రాణ్ణి ముందు టీ20 లీగ్‌లో ఆడిస్తామంటారు, నాలుగు ఓవర్లే కదా అని. నేను ముందు రెండు రోజుల మ్యాచ్ అడుగుతాను. రోజుకు ఎనిమిది ఓవర్లు, నాలుగు ఓవర్ల చొప్పున రెండు స్పెల్స్, మధ్యలో ఫీల్డింగ్. కొంచెం తగ్గించి వేసే బంతి ఉండాలి, నిలబడాలి, చెమట పట్టాలి, లంచ్ తర్వాత మళ్లీ వేడెక్కాలి. ఎముకకు కావలసింది ఇలాంటి భారం. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ బౌలర్‌ను అరగదీస్తుందనే మాట సగమే నిజం. మోతాదు తెలిసి పెంచితే అతన్ని తయారుచేసేది కూడా అదే. కమిన్స్‌కు ఆ ఆరేళ్లలో దొరకనిది అదే, రాంచీ నాటికి ఎదిగిన ఎముకతో అతను మళ్లీ అందుకున్నదీ అదే.

ప్రస్తుతం నా దగ్గర ఒక పదిహేడేళ్ల కుర్రాడున్నాడు. అతనూ కమిన్స్ జెర్సీయే. స్కాన్‌లో చిట్లు లేదు, వాపు మాత్రమే ఉంది. నాలుగు నెలలు బంతి ముట్టుకోలేదు. ఈ మధ్య తీసిన స్కాన్‌లో వాపు పోయింది. అయినా మొదటి వారం నిలబడ్డ చోటు నుంచే బంతులు వేయించాను, రెండో వారం ఆరు అడుగుల రనప్. నిన్న మొదటిసారి సగం రనప్‌తో పన్నెండు బంతులు వేశాడు. పదమూడో బంతి చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాను. బంతిని నెట్ మూలకు విసిరేసి, బ్యాగులోంచి నోటు పుస్తకం తీసి, తేదీ వేసి, పన్నెండు అని రాసుకున్నాడు.